గాలివానకు పోయిన ఇంటికప్పు

వైశాఖమాసమున మధ్యాహ్నము వరకు నిప్పులు చెరగిన ఆకాశము సాయంకాలమునకు నల్లబడుట, దుమ్ముతో గూడిన గాలి లేచుట, గడియసేపు వడగండ్లతో వాన కురిసి వెలియుట భాగ్యనగరవాసులకు క్రొత్త కాదు. ఆ గడియసేపటిలో ముషీరాబాదు, భోలక్‌పూరు, అడిక్‌మెట్టు వాడలలో ఎన్ని యిండ్ల రేకులు లేచిపోవునో, విశ్వవిద్యాలయపు ఆవరణ మొదలు తార్నాక వీధుల వరకు ఎన్ని చెట్లు విరిగి ప్రహరీలమీదను మేడలమీదను పడునో, మరునాటి యుదయమున ఆ దారిని నడచినవారికి తెలియును. 2024 మే 26వ తేదీ సాయంకాలము వీచిన గాలివాన నగర పరిసరములలోను నాగర్‌కర్నూలు జిల్లాలోను ప్రాణములనే బలిగొన్నది. 1939లో ప్రారంభమైన ఆర్ట్సు కళాశాల శిలాభవనమునకు గాలివాన భయము లేదు. దాని చుట్టునున్న వాడలకు ఉన్నది.

కప్పు పోయిన గృహస్థు మరునాడు చేయు పనులు మూడు. ఎగిరిపడిన రేకులలో పనికివచ్చు వానిని ఏరి తెచ్చుకొనును. వాడలోని నాయకుని యింటికి పోయి అర్జీ యిచ్చును. తుదకు వడ్డీకి అప్పు తెచ్చును. నాలుగవ పని యొకటి కలదు: పెట్టె తెరచి బీమాపత్రము తీసి చూచుకొనుట. ఆ పని చేయువారు మిక్కిలి అరుదు. అనేకుల పెట్టెలో పత్రమే లేదు; ఉన్నవారిలో అనేకులకు అందులో నేమి వ్రాసియున్నదో తెలియదు. ఈ రెండు కొరతలను గూర్చియే ఈ వారము మా చదువరులతో ముచ్చటింపదలచితిమి.

వాహనమునకు బీమా లేనిదే వీధిలోనికి రారాదని చట్టము శాసించుచున్నది. ఆ భయమున లక్ష రూపాయల వాహనమునకు ఏటేట బీమా కట్టు గృహస్థు, తన జీవితమంతయు కూడబెట్టినది పోసి కట్టిన యింటిని మాత్రము దైవమునకు విడిచిపెట్టుచున్నాడు. అదేమని యడిగినచో, "ఆపద వచ్చిన సర్కారు ఆదుకొనదా?" యనును. ఈ సమాధానమును కొంచెము పరిశీలింపవలసియున్నది.

సర్కారు ఆదుకొనలేదని మేమనము. 1908 సెప్టెంబరు 28న మూసీ పొంగి వేలకొలది జనులను పొట్టనబెట్టుకొన్నప్పుడు, నాటి ప్రభువు మహబూబ్ అలీఖాన్ రాజమందిరముల ద్వారములు తెరిపించి నిరాశ్రయులకు తావిచ్చెను. పిమ్మట మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారి సలహాపై వరదను అరికట్టు పథకము సిద్ధమై, 1920లో ఉస్మాన్‌సాగరు, 1927లో హిమాయత్‌సాగరు పూర్తియైనవి. అది రాజధర్మము, ప్రజలు దానిని నేటికిని తలచుకొనుచున్నారు. అయినను నదికి ఆనకట్ట కట్టవచ్చును గాని గాలికి కట్టరాదు గదా!

మన కన్నుల యెదుటి సంగతి చూతము. 2020 అక్టోబరు 13న కురిసిన కుంభవృష్టికి నగరములో అనేక వాడలు మునిగినవి. నాటి ప్రభుత్వము ముంపునకు గురియైన కుటుంబమునకు 10,000 రూపాయలు, పాక్షికముగా దెబ్బతిన్న యింటికి 50,000 రూపాయలు, పూర్తిగా కూలిన యింటికి లక్ష రూపాయలు ఇచ్చునట్లు ప్రకటించెను. ప్రకటించినది మంచి పనియే. కాని ఆ పదివేల కొరకు ఆడువారు, వృద్ధులు మీసేవా కేంద్రముల యెదుట ఎట్లు బారులు తీరి నిలిచిరో చూచితిమి. నగరపాలక సంస్థ యెన్నికలు వచ్చుటతో నవంబరు 18న ఎన్నికల సంఘము ఆ పంపిణీని నిలిపివేసెను. నియమము ననుసరించి నిలిపిరి. తప్పు పట్టుటకు వీలులేదు. అయినను ఒక విషయము మాత్రము స్పష్టమైనది. దయచేసి ఇచ్చు సొమ్ము దయ తప్పినప్పుడు, నియమము అడ్డువచ్చినప్పుడు, ఖజానా వట్టిపోయినప్పుడు ఆగిపోవును. ఒప్పందము ప్రకారము రావలసిన సొమ్ము అట్లాగుటకు వీలులేదు. ఆగిన అడుగుటకు తావుగలదు. మొదటిదానికి చేతులు జోడింపవలెను. రెండవదానికి పత్రము చూపిన చాలును. స్వాభిమానముగల గృహస్థు ఏది కోరదగునో వేరుగ చెప్పనక్కరలేదు.

బీమా పరదేశీయుల విద్యయని, అది ధనవంతుల వ్యవహారమని తలచువారికి ఒక్కమాట. 1925లో బందరు పట్టణమున డాక్టరు భోగరాజు పట్టాభిసీతారామయ్యగారు ఆంధ్రా ఇన్సూరెన్సు కంపెనీని నెలకొల్పినప్పుడు వారి తలంపు మన సొమ్ము మన కష్టమునకే అక్కరకు రావలెననియే. స్వరాజ్యము వచ్చిన పిదప 1956లో జీవితబీమాయు, 1973లో సాధారణబీమాయు జాతీయము చేయబడినవి. 1999 చట్టము వలన ప్రైవేటు కంపెనీలకు మరల ద్వారములు తెరువబడినవి. వానినన్నింటిని అదుపులో నుంచు నియంత్రణ ప్రాధికార సంస్థ 2001 నుండి మన హైదరాబాదులోనే యున్నది. దేశమునకంతకును బీమా నియమములు చేయు పెద్దలు మన పొరుగువారే. వారి నియమములు మనకు తెలియకుండుట మాత్రము విడ్డూరము.

ఇక అసలు విషయమునకు వత్తము. గాలివానకు ఇంటికప్పు పోయినచో బీమా యేమిచ్చును, ఏమి ఈయదు?

పూర్వము ఒక్కొక్క కంపెనీది ఒక్కొక్క పత్రము. ఒక్కొక్క పత్రమున ఒక్కొక్క మెలిక. 2021 ఏప్రిలు 1 నుండి "భారత్ గృహ రక్ష" యను ఒకే మాదిరి పాలసీని గృహముల కొరకు అన్ని సాధారణబీమా కంపెనీలును అమ్మవలెనని నియంత్రణ సంస్థ శాసించినది. ఎవరివద్ద కొన్నను ప్రధానమైన షరతు లొక్కటే. ఇది సామాన్యునకు గొప్ప మేలు.

ఆ పాలసీలో ఏయే యుపద్రవములకు పరిహారము కలదో పేరుపేరున వ్రాసియున్నది. అగ్ని, పిడుగు, భూకంపము మొదలైనవానితోపాటు గాలివాన, తుపాను, సుడిగాలి, వరద, ముంపు అను మాటలు అందు స్పష్టముగ నున్నవి. బయటి వస్తువు వచ్చి తాకుటవలన కలుగు నష్టమును వేరుగ చెప్పి, కూలిన చెట్టును ఉదాహరణముగా పేర్కొనిరి. కావున గాలికి కప్పు లేచినను, పొరుగింటి వేపచెట్టు విరిగి కప్పుపై పడినను, పిడుగు పడి పిట్టగోడ బ్రద్దలైనను పరిహారము అడుగవచ్చును. ఇల్లనగా నాలుగు గోడలును కప్పును మాత్రమే కాదు. ప్రహరీ, గేటు, వసారా, స్థిరముగ అమర్చిన నీళ్ళ తొట్టి, మిద్దెపైని సౌరఫలకములు కూడ ఇంటిలోని భాగములే.

ఒక గృహస్థుని ఊహింతము. ముషీరాబాదులో అతనికి 60 చదరపు మీటర్ల యిల్లున్నది. చదరపు మీటరు కట్టుటకు 20,000 రూపాయలగునని లెక్క వేసినచో 12 లక్షలకు బీమా చేయవలెను. ఇచట లెక్కకు వచ్చునది కట్టుబడి వ్యయమే గాని స్థలము వెల కాదు. గాలివాన స్థలము నెత్తుకొనిపోదు గదా! తార్నాకలో స్థలము వెల చూచి బెదరి బీమాకు దూరముగ నుండువారు ఈ సంగతి గమనింతురుగాక. ఇంటికి 12 లక్షల బీమా యున్నచో ఇంటిలోని సామానునకు అందు నూటికి 20 వంతున, అనగా 2,40,000 రూపాయల వరకు, తనంతట తానే రక్షణ లభించును. దీనికి గరిష్ఠపరిమితి 10 లక్షలు. కప్పు లేచిన పిదప లోపల పడిన వానకు మంచము, పరుపు, బీరువా, టెలివిజను తడిసి పాడైనచో ఆ నష్టము దీనిక్రిందికి వచ్చును.

ఆ గృహస్థునకు కప్పు మరల వేయుటకు 3 లక్షలైనదనుకొందము. కూలిన శిథిలములను ఎత్తిపోయించుటకు పరిహారపు మొత్తములో నూటికి 2 వరకు, అనగా 6,000 రూపాయలును, ఇంజనీరు మున్నగువారి రుసుములకు నూటికి 5 వరకు, అనగా 15,000 రూపాయలును అదనముగ లభింపగలవు. ఇల్లు నివాసయోగ్యము కానంతకాలము వేరొకచోట అద్దెకున్నచో ఆ యద్దెకును, ఆ యింటిని ఇతరులకు అద్దెకిచ్చియున్నచో కోల్పోయిన యద్దెకును పాలసీలో చోటు కలదు. కప్పులేని యింటిలో దొంగలు పడుటయు కద్దు. ఉపద్రవము జరిగిన 7 దినములలోపల ఆ కారణముగ జరిగిన దొంగతనము కూడ ఇందు చేరియున్నది.

పూర్వపు పత్రములలో పెద్ద మెలిక యొకటి యుండెడిది. 12 లక్షల యింటికి 6 లక్షలకే బీమా చేసినచో, లక్ష నష్టము జరిగినను సగమే యిచ్చెడివారు. భారత్ గృహ రక్షలో ఆ కోత లేదు. బీమా మొత్తమునకు లోబడి జరిగిన నష్టము పూర్తిగ లెక్కకు వచ్చును. పైగా ధరలు పెరుగుచుండును గనుక బీమామొత్తము ఏటికి నూటికి 10 వంతున దానంతట అదియే పెరుగును. ఒక్కసారిగా 10 సంవత్సరముల వరకు పాలసీ తీసికొనవచ్చును.

ఇంతవరకు చెప్పినది వెలుగు. చీకటిని గూడ చూపకున్న మేము బీమా కంపెనీ ఏజెంట్ల కోవలో చేరుదుము. బీమా ఉపద్రవమునకు గాని ఉపేక్షకు కాదు. పదియేండ్లుగా ప్రతి వానకు కారుచున్న మిద్దెకు, త్రుప్పుపట్టి తూట్లుపడిన రేకులకు, ఇనుపచువ్వలు బయటపడిన సజ్జాకు గాలివాన పేర క్రొత్తకప్పు వేయించుకొనవలెనన్న ఆశ నెరవేరదు. కాలక్రమమున కలుగు అరుగుదల, తరుగుదల ఆ యుపద్రవముల పట్టికలో లేవు. సర్వేయరు వచ్చి మొదట చూచునది ఇదియే: ఇది నిన్నటి గాలి చేసిన గాయమా, ఏండ్లనాటి రోగమా? అట్లే రేకుల కప్పు పోయినచో కాంక్రీటు కప్పునకు సొమ్ము రాదు. ఇంచుమించుగా పూర్వమున్న స్థితికి తెచ్చుటకే పరిహారము. అంతకుమించిన సొగసు యజమాని సొంత ఖర్చు.

మరియొక ముఖ్యవిషయము. మన వాడలలో కుమారుని వివాహమునకు మిద్దెపై ఒక గది, అద్దె కొరకు ఇంకొక గది రేకులతో వేయుట పరిపాటి. పాలసీ తీసికొన్ననాటి వైశాల్యమునకు నూటికి 10 మించి ఇల్లు పెంచి, ఆ సంగతి కంపెనీకి తెలిపి అదనపు ప్రీమియము కట్టనిచో చిక్కులు తప్పవు. గాలికి మొదట లేచునది ఆ క్రొత్తగది రేకులే! తాటాకు, గడ్డి, వెదురు, టార్పాలిను మొదలగువానితో వేసిన కప్పును పాలసీ "కచ్చా" కట్టడమని వేరుగ నిర్వచించినది. కావున కప్పు ఏ రకమైనదో ఉన్నదున్నట్లు వ్రాయించుట క్షేమము. అబద్ధముతో తగ్గించుకొన్న ప్రీమియము ఆపదవేళ పాలసీనే మ్రింగును.

గాలివాన వెలసిన మరునాడు ఏమి చేయవలెను? కంపెనీకి వెంటనే తెలుపవలెను. రేకులు ఏరుటకు ముందే కప్పును, లోపల తడిసిన సామానును, పడిన చెట్టును ఫోటోలు తీసి యుంచుకొనవలెను. నష్టము పెరుగకుండ టార్పాలిను కప్పవచ్చును, కప్పవలెను గూడ. దాని రసీదు భద్రపరచుకొనవలెను. నష్టమును కనుగొన్న 30 దినములలో క్లెయిము పత్రము దాఖలు చేయవలెను. సర్వేయరు చూడకముందే శిథిలములన్నింటిని పాతసామానువానికి అమ్మివేయుట పొరపాటు. నియంత్రణ సంస్థ 2024లో చేసిన నిబంధనల ప్రకారము, కంపెనీ 24 గంటలలో సర్వేయరును నియమింపవలెను. 15 దినములలో నివేదిక రప్పింపవలెను. నివేదిక చేరిన 7 దినములలో తీర్మానము చేయవలెను. ఈ మూడంకెలను మా చదువరులు గోడమీద వ్రాసియుంచుకొందురుగాక.

కంపెనీ కాదన్నచో మొదట కంపెనీకే వ్రాతమూలకముగ ఫిర్యాదు చేయవలెను. నెలలోపల సమాధానము రాకున్నను, వచ్చినది తృప్తికరముగ లేకున్నను బీమా అంబుడ్స్‌మన్ వద్దకు పోవచ్చును. ఆంధ్రప్రదేశ్, తెలంగాణములకు ఆ కార్యాలయము హైదరాబాదులోనే కలదు. రుసుము లేదు, వకీలు అక్కరలేదు. 50 లక్షల వరకు పరిహారము విధించు నధికారము వారికి కలదు. ఇంత దగ్గరనున్న న్యాయపీఠమును ఎరుగక కంపెనీ గుమస్తా "కాదు" అన్నమాటయే బ్రహ్మవాక్కని మరలిపోవువారిని తలచినప్పుడు మాకు విచారము కలుగుచున్నది.

అపార్టుమెంటులలో నివసించువారికి ఒక హెచ్చరిక. అచట కప్పు పై యంతస్తువానిది కాదు, అందరిది. ఒక్కడు తన భాగమునకు బీమా చేసికొన్నంత మాత్రమున ఉమ్మడి కప్పు చిక్కు తీరదు. తార్నాక, విద్యానగరు, రాంనగరు ప్రాంతములలోని సంఘములు రంగులు వేయించుటకు, పండుగలు జరుపుటకు చందాలు వసూలు చేయుచున్నవి. మొత్తము కట్టడమునకు ఒక పాలసీ తీసికొనుటకు ఏల వసూలు చేయరాదు? బ్యాంకు అప్పుతో ఇల్లు కట్టినవారికి వేరొక హెచ్చరిక. అప్పు ఇచ్చునప్పుడు బ్యాంకు ఏదియో బీమా చేయించియుండును. అది ఇంటికా, మీ ప్రాణమునకా, ఎంత మొత్తమునకు, ఏనాటి వరకు అని అడిగి ప్రతి తెచ్చుకొనుడు. అద్దెకున్నవారు ఇంటికి గాక తమ సామానునకు మాత్రము బీమా చేసికొనవచ్చును.

ఇక పాలకులకును కంపెనీలకును రెండు మాటలు. మొదటిది భాష. తెలుగువాని యింటికప్పును గూర్చిన యొప్పందము అతని చేతికి ఆంగ్లములో వచ్చుట సాధారణమైపోయినది. చదువలేని పత్రముపై చేసిన సంతకము ఒప్పందమెట్లగును? ఆధునిక వ్యవహారములు దేశభాషలకు లొంగవను వాదము ఈ ప్రాంతమున చెల్లదు. 1917లో హైదరాబాదున అనువాదశాఖ నెలకొల్పి, న్యాయశాస్త్రము మొదలు వైద్యశాస్త్రము వరకు ఉర్దూలోనికి తెచ్చి, 1918లో స్థాపితమైన ఉస్మానియా విశ్వవిద్యాలయమున దేశభాషలో ఉన్నతవిద్య నేర్పి చూపిరి. అది అధికసంఖ్యాకుల మాతృభాష కాదన్న వెలితి యున్నను, దేశభాషకు శక్తి కలదని నిరూపించుటలో వెలితి లేదు. అట్టి ఆవరణకు ఆనుకొనియున్న వాడలలోని గృహస్థు తన కప్పు సంగతి తన భాషలో చదువుకొనలేకుండుట సిగ్గుచేటు. నియంత్రణ సంస్థ ప్రతి పాలసీతో తెలుగు ప్రతియు విధిగ ఇప్పింపవలెను. విశ్వవిద్యాలయపు న్యాయకళాశాల విద్యార్థులు వారమున కొక సాయంకాలము ఇరుగుపొరుగు వాడలలో కూర్చుండి ఈ పత్రములు చదివి వినిపించినచో, వారికది విద్య, జనులకది మేలు. చిక్కడపల్లి నగర కేంద్ర గ్రంథాలయము వంటి పఠనాలయములు పత్రికల ప్రక్కనే పాలసీ తెలుగు ప్రతి నొకదానిని ఉంచవలెను.

రెండవది పన్ను. 2025 సెప్టెంబరు 22 నుండి వ్యక్తుల జీవితబీమా, ఆరోగ్యబీమాలపై జి.ఎస్.టి. తొలగింపబడినది. గృహబీమాపై నూటికి 18 వంతున నిలిచియే యున్నది. ప్రాణమునకు, దేహమునకు బీమా పుణ్యకార్యమై, ఆ ప్రాణమును దేహమును కాచు ఇంటికప్పునకు బీమా విలాసవస్తువైనదా? తన యింటిని తాను కాపాడుకొను గృహస్థు ఆపదవేళ ఖజానాపై బరువు తగ్గించుచున్నాడు. అట్టివానిని పన్నుతో దండించుట న్యాయము కాదు. కనీసము చిన్నయిండ్ల పాలసీలకైనను ఈ పన్ను తొలగింపవలెనని మేము గట్టిగ కోరుచున్నాము. మా కోరిక యిదియే గాని, బీమా వచ్చినది గనుక ప్రభుత్వము చేతులు కడుగుకొనవచ్చునని కాదు. ప్రీమియము కట్టుటకు శక్తిలేని కూలివాని పాకకు ప్రభుత్వమే దిక్కు. శక్తిగలవారు బీమాతో తమ కాళ్ళపై తాము నిలిచినప్పుడే ఆ సహాయధనము నిజముగ నిరుపేదకు చేరును.

మన పెద్దలు మృగశిర ప్రవేశింపకముందే కప్పు నేయించెడివారు. వాన వచ్చిన పిదప తాటాకు వెదకినవానిని ఊరు నవ్వెడిది. నేడు తాటాకు పోయి రేకులు వచ్చినవి, రేకులు పోయి కాంక్రీటు వచ్చుచున్నది. ముందుచూపు మాత్రము మారవలసినది కాదు. ఈ ఆదివారము ప్రతి గృహస్థును నిచ్చెన వేసికొని ఒకసారి కప్పునెక్కి చూచుగాక, పగుళ్ళున్న పూడ్పించుగాక, దిగివచ్చి పెట్టె తెరచి పత్రమున్నదో లేదో చూచుకొనుగాక. ఉన్నచో ఎంతకున్నదో, ఏనాటితో ముగియునో చదువుకొనవలెను. లేనిచో గాలి లేవకముందే తెచ్చుకొనవలెను.